నేర్చిన జపనీస్ మాటలు నిలవాలంటే

ప్రశ్న: ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఫోన్‌లో ఆంకీ (మాటల కార్డులను ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ చూపే యాప్) పెట్టుకుని రోజుకు 30 జపనీస్ మాటలు చేరుస్తున్నాను. మళ్లీ చూడాల్సిన పాత కార్డులు (రివ్యూలు) గుట్టలా పేరుకుపోయాయి. గుర్తున్న మాటలు కూడా మాట్లాడేటప్పుడు నోటికి రావడం లేదండీ. 
ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: బకాయి తీరేదాకా కొత్త కార్డులు సున్నా చేసేయండి. తర్వాత రోజుకు 10 చాలు. పది కొత్తవి వేసుకుంటేనే నెల తిరిగేసరికి రోజుకు 70 నుంచి 100 దాకా పాతవి తిరిగొస్తాయి. ముప్పై వేసుకుంటే దానికి మూడింతలు. అది కాలేజీతో పాటు మోయగలిగే బరువు కాదు.

ఎనిమిదిసార్లు తప్పిన కార్డును ఆంకీ ‘లీచ్’ (జలగ) అని గుర్తుపెడుతుంది, సెట్టింగును బట్టి పక్కన కూడా పడేస్తుంది. దాన్ని లాక్కొచ్చి బట్టీ పట్టకండి, కార్డునే మార్చండి. ఎక్కువసార్లు లోపం ఒకటే: మాట ఒంటరిగా ఉంటుంది. మూడు నాలుగు మాటల చిన్న వాక్యం రాసి, ఆడియో జోడించండి. ఒక వారం నిలిచాక తిరగేసిన కార్డు చేయండి: ముందు తెలుగు, వెనక జపనీస్. పైకి పలికిన తర్వాతే తిప్పి చూడాలి. గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకుని అనడం వేరు. మీరు మొదటిదే సాధన చేశారు.

క్రియను దాని విభక్తితో కలిపే రాసుకోండి. ‘స్నేహితుణ్ణి కలవడం’ తొమొదచి ని అఉ. ఇక్కడ మన ‘ని’ అచ్చంగా సరిపోయి మురిపిస్తుంది. అదే ధైర్యంతో ‘అన్నాన్ని తినడం’ గొహన్ ని తబెరు అంటే తప్పు. గొహన్ ఒ తబెరు అనాలి. బస్సెక్కడానికి మళ్లీ ‘ని’యే: బసు ని నొరు. జంట క్రియలూ అంతే. తలుపు తెరుచుకుంటే దొఅ గ అకు, మనం తెరిస్తే దొఅ ఒ అకెరు. తెలుగులోనూ ఈ తేడా ఉంది కాబట్టి అర్థం కష్టం కాదు. రెండు కార్డులూ ఒకే రోజు వేయకుండా, వారం ఎడం ఇస్తే కలగాపులగం కావు.

ప్రశ్న: నర్సింగ్ చేశాను. జపాన్‌లో కేర్‌గివర్ పనికి ఏ పుస్తకం కొనాలి? 
ఒక పాఠకురాలు, కడప

జవాబు: ముందు ఏదీ కొనకండమ్మా. జపాన్ ఫౌండేషన్ వారి ‘ఇరొదొరి’ పుస్తకాలు, ఆడియోతో సహా, ఉచితంగా దిగుమతి చేసుకోవచ్చు. మూడు భాగాలు. ‘మిన్న నొ నిహొంగొ’ కొంటే మాత్రం అనువాదం, వ్యాకరణ వివరణల పుస్తకం కూడా తీసుకోవాలి. అసలు పుస్తకం మొత్తం జపనీస్‌లోనే ఉంటుంది, చాలామంది అదొక్కటే కొని బిత్తరపోతారు. ఎన్4 (జెఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్షలో ఒక స్థాయి) గానీ జెఎఫ్‌టీ బేసిక్ (జపాన్ ఫౌండేషన్ వారి భాషా పరీక్ష) గానీ పాసైతే సరిపోదు. కేర్‌గివర్ పనికి వృత్తి నైపుణ్య పరీక్షతో పాటు సంరక్షణ రంగపు జపనీస్ పరీక్ష విడిగా ఉంది. కురుమఇసు (చక్రాల కుర్చీ), కుసురి (మందు) లాంటివి మొదటి నుంచే చేర్చుకోండి. ‘అధికారిక ఎన్4 పదాల జాబితా’ అని అమ్మితే నమ్మకండి. 2010లో జెఎల్‌పీటీ మారాక అలాంటిది ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాటలు తెలుగు లిపిలో రాసుకుంటే తప్పా? 
ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: ఇంగ్లిష్ అక్షరాల కన్నా చాలా మేలు. ఒబసన్ అంటే అత్త, పిన్ని వరస. ఒబాసన్ అంటే అవ్వ. బిరు అంటే భవనం, బీరు అంటే బీరే. కితె అంటే ‘వచ్చి’, కిత్తె అంటే తపాలా బిళ్ల. దీర్ఘం, ఒత్తు మన లిపిలో కచ్చితంగా పడతాయి. నాలుగో తేదీ యొక్క, ఎనిమిదో తేదీ యోక. ఇవి ఇంగ్లిష్‌లో రాసుకున్నవాళ్లే ఎక్కువ తడబడతారు. ‘చుట్టం’ అనేటప్పుడు మన సీమలో పలికే చకారమే జపనీస్ ‘త్సు’కు దగ్గర.

కానీ స్వరం ఎక్కడ లేస్తుందో మన లిపి చూపదు. హషిలో మొదటి అక్షరం ఎత్తితే తినే పుల్లలు, రెండోది ఎత్తితే వంతెన. ఆడియో తప్పదు. జపనీస్ మూల లిపి హిరగానా 46 అక్షరాలే. రోజుకు ఐదు రాసినా పది రోజుల్లో చేతికొస్తాయి. అప్పటి నుంచి తెలుగు లిపిలో రాసిన జపనీస్ మాటను కార్డు వెనక్కి మాత్రమే పరిమితం చేయండి. ముందు వైపు ఉంచితే కన్ను దాన్నే చదువుతుంది, హిరగానా ఎప్పటికీ వేగం పుంజుకోదు.