కుక్కపిల్ల సంగతి సరే, అమ్మనడిగారా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. డాలస్‌లో ఉద్యోగం, భార్య, ఇద్దరు పిల్లలు. మార్చిలో నాన్న పోయారు. రాజమండ్రిలో సొంత ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటోంది. వయసు 66, మోకాళ్ల నొప్పులు. ఇక్కడికి రమ్మంటే రానంటోంది. తోడుగా ఉంటుందని హైదరాబాద్‌లో ఒక బ్రీడర్ దగ్గర 40 రోజుల లాబ్రడార్ పిల్లని కొని, అట్టపెట్టెలో పెట్టి స్నేహితుడి కారులో పంపించాను. మ్యాక్స్ అని పేరు పెట్టాం. వచ్చి రెండు వారాలైంది. ఎప్పుడూ మంచం కిందే ఉంటోంది. ఎవరూ చూడనప్పుడు తింటుంది. నా గొంతు అలవాటవుతుందని రోజూ హాల్లో కెమెరా స్పీకర్‌లోంచి పిలుస్తున్నాను, ఇంకా లోపలికి పోతోంది. విచిత్రం ఏమిటంటే, పనమ్మాయి కూతురు, ఎనిమిదో తరగతి పిల్ల, సాయంత్రం వస్తే మాత్రం బయటికి వస్తుందట. అమ్మ కూడా దానితో సరిగా గడపడం లేదు. నేను చూసినప్పుడల్లా వంటింట్లోనే ఉంటోంది. కాస్త గట్టిగా చెబితే ఏడ్చింది. నెలలోపు అయితే చురుకైన పిల్లని మార్చి ఇస్తానని బ్రీడర్ అంటున్నాడు. మార్చేయమంటారా? అమ్మకి ఎలా నచ్చజెప్పాలి?
– ఒక కొడుకు, డాలస్

జవాబు: మార్చొద్దు. మొదటి ప్రశ్నకి జవాబు అంతే. అదేమన్నా కాలికి సరిపోని చెప్పులా, నెలలోపు తిప్పి పంపడానికి?

ఆ పిల్లలో లోపమేమీ లేదు. లోపం అమ్మినవాడి దగ్గర ఉంది, కొన్న మీ తొందరలో ఉంది. 8 వారాలు నిండని కుక్కపిల్లని అమ్మకూడదని మన దేశంలో 2017 నుంచి నిబంధన ఉంది. 40 రోజులంటే ఆరు వారాలు కూడా నిండలేదు. తల్లి పొట్టకి ఆనుకుని పడుకోవాల్సిన వయసు. తోడబుట్టినవాటితో కలబడుతూ, ఎంత గట్టిగా కరిస్తే అవతలిది కుయ్యోమంటుందో నేర్చుకోవాల్సిన వయసు. అప్పుడు విడదీసి, దాదాపు 400 కిలోమీటర్లు పెట్టెలో తెచ్చి, కుక్కర్ విజిల్, మిక్సీ మోత తప్ప ఏమీ తెలియని ఇంట్లో దింపారు. మంచం కింద దూరక ఏం చేస్తుంది? రెండు వారాలకే అది తోకాడిస్తూ ఎదురు రావాలంటే ఎలా? ఇలా బెదిరిన పిల్లలకి కుదురుకోవడానికి ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది.

దాన్ని అక్కడి నుంచి ఎవరూ లాగొద్దు, చీపురుతో తోలొద్దు. మంచం కిందే ఓ పాత చీర మడత వేసి పరిచి, నీళ్ల గిన్నె దగ్గర్లో పెడితే చాలు. దాక్కోవడానికి చోటు ఉందని నమ్మకం కుదిరితేనే బయటికి వస్తుంది. రోజుకి 18 గంటలు పడుకుంటే జబ్బనుకోకండి, ఆ వయసుకి అది మామూలే. తిండి నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా, రోజూ అదే వేళకి. గిన్నె పెట్టి పక్కకి వచ్చేయాలి, తింటోందా లేదా అని మంచం కిందికి వంగి చూడకూడదు. ఆవుపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. శ్రావణమాసం కదా, ఇరుగుపొరుగు పాయసాలు ఇచ్చి వెళ్తుంటారు. ప్రసాదమే కదా అని దానికి పెట్టొద్దని చెప్పండి. కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తుంది. ఉల్లిపాయ కూడా వద్దు.

ఇక పనమ్మాయి కూతురు. ఇందులో విచిత్రం ఏముంది? ఆ పిల్ల వచ్చి ఏం చేస్తుందో మీరు రాయలేదు కానీ నేను ఊహించగలను. గోడకి ఆనుకుని కింద కూర్చుంటుంది. పుస్తకం తెరిచి హోంవర్క్ చేసుకుంటుంది. దాన్ని పిలవదు, కళ్లలోకి చూడదు. కాసేపటికి అదే మెల్లగా వచ్చి కాలివేళ్లు వాసన చూసి వెళ్లి ఉంటుంది. మర్నాడు ఇంకాసేపు ఉండి ఉంటుంది. భయపడే కుక్కపిల్లని మచ్చిక చేసుకోవడం అంటే ఇదే. ముట్టుకోవాలనిపిస్తే పైనుంచి నెత్తి మీద చెయ్యి వేయకుండా, గడ్డం కింద నిమరాలి. అంతకు మించి విద్య ఏమీ లేదు.

మీరు చేస్తున్నది సరిగ్గా దీనికి విరుద్ధమైన పని. మనిషి కనిపించడు, వాసన లేదు, గోడ మీంచి గరగరమంటూ ఒక గొంతు తన పేరు పెట్టి అరుస్తుంది. మీకు రాత్రి 9, అక్కడ ఉదయం ఏడున్నర. మీ అమ్మగారు అప్పటికి కాఫీ అయినా తాగారో లేదో. "అమ్మా, అది ఎక్కడ? బయటికి తియ్యి. కింద కూర్చో, ఆడించు." మోకాళ్ల నొప్పుల మనిషిని కింద కూర్చోమంటే, తర్వాత లేపేది ఎవరు?

కెమెరాలో మీ అమ్మగారు ఎందుకు కనిపించడం లేదో మీకు ఇంకా తట్టలేదా? వంటింట్లో కెమెరా లేదు. అందుకే అక్కడ ఉంటున్నారు. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకోవాలన్నా, ఆయన ఫోటో ముందు కూర్చుని కాసేపు ఏడవాలన్నా ఆవిడకి సొంత హాలు పనికిరాకుండా చేశారు. మీరు దొంగల భయంతోనే పెట్టించి ఉంటారు, కాదనను. అలాంటప్పుడు గేటు దగ్గర పెట్టించండి. హాల్లోది ఈ రోజే తీయించేయండి. ఇది సలహా అనుకోకండి, తప్పకుండా చేయమంటున్నాను.

మీరు రాసిన ఉత్తరం మళ్లీ మీరే చదువుకోండి. "కొని పంపించాను", "పేరు పెట్టాం", "గట్టిగా చెబితే". అమ్మని అడిగాను అన్న మాట ఎక్కడుంది? మీ నాన్నగారు పోయినా అది ఆవిడ ఇల్లు. తలస్నానం చేసి, మడిబట్ట ఆరేసుకుని, దేవుడి దగ్గర దీపం పెట్టుకునే తరం మనిషి అయితే, ఆ ఇంట్లో ఓ కుక్కపిల్ల ఎక్కడ తిరగాలో, ఎక్కడ తిరగకూడదో తేల్చాల్సింది ఆవిడా, మీరా? మన అమ్మలు కొడుకు పంపినదేదీ వద్దనరు. నచ్చకపోతే భద్రంగా బీరువాలో పెట్టుకుంటారు. దీన్ని బీరువాలో పెట్టడానికి లేదు. రాత్రి రెండు గంటలకి లేచి మూత్రం తుడవాలి.

పైగా లాబ్రడార్! ఏడెనిమిది నెలలకి దగ్గర దగ్గర 25 కిలోలవుతుంది. గోదావరి గట్టు మీద వాకింగ్‌కి తీసుకెళ్తే, అది ఇంకో కుక్కని చూసి లాగిందంటే ఆవిడ గతేమిటి? పదీ పన్నెండేళ్లు బతుకుతుంది. అప్పటికి ఆవిడకి డెబ్భై ఎనిమిది. ఇదంతా కొనేముందు ఆలోచించాల్సింది.

ఎందుకు ఆలోచించలేదో నాకు తెలుసు. పన్నెండో రోజు అవగానే విమానం ఎక్కినప్పటి నుంచీ మీకు లోపల తొలుస్తోంది. ఆ ఇంట్లో ఏదో ఒకటి తిరుగుతూ ఉంటే మీకు కాస్త నిద్ర పడుతుంది. ఆ బాధ నిజమైనదే, తప్పు పట్టను. కానీ మీకు నిద్ర పట్టించే బాధ్యత ఆరు వారాల కుక్కపిల్ల మీద, అరవై ఆరేళ్ల అమ్మ మీద పెట్టకండి. ఉద్యోగం మానేసి రమ్మని నేను అనడం లేదు. ఆబ్దికానికి ఎలాగూ వస్తారు కదా, వారం రోజులు వచ్చి వెళ్లిపోకుండా నెల రోజులు ఉండేలా ఇప్పుడే లీవు అడగండి. ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ హాల్లోనే పని చేసుకోండి. పిల్లల్ని కూడా తీసుకురండి. ఆవిడ డాలస్ ఎందుకు రానంటున్నారో ఆ నెలలో తెలుస్తుంది, ఫోన్‌లో తెలియదు.

ముందు గట్టిగా మాట్లాడినందుకు క్షమించమని అడగండి. "ఏం పర్లేదు నాన్నా" అంటారు. పర్లేదనగానే ఊపిరి పీల్చుకుని మళ్లీ మ్యాక్స్ ఏం తిన్నాడని మొదలుపెట్టకండి. ఆవిడ ఏం తిన్నారో అడగండి. ఆ తర్వాత ఒకరోజు తీరిగ్గా, "అమ్మా, ఈ కుక్కపిల్ల నీకు కావాలా, వద్దా? వద్దంటే నాకు కోపం రాదు" అనండి. "నీ ఇష్టం" అంటారు. అది జవాబు కాదు. నాలుగు రోజులాగి మళ్లీ అడగండి.

వద్దంటే ఆ బ్రీడర్‌కి మాత్రం తిప్పి పంపొద్దు, ఇలాగే ఇంకొకరికి అంటగడతాడు. పశువుల డాక్టరుని అడిగితే పెంచుకునే మంచి ఇల్లు ఊళ్లోనే దొరుకుతుంది. కావాలంటే, అప్పుడు ఆవిడకి నచ్చిన పద్ధతిలోనే పెరగనివ్వండి. రాత్రిళ్లు మనిషి అలికిడి దగ్గర్లో ఉంటే కుక్కపిల్ల ఏడవదంటారు, నిజమే. కానీ పడకగదిలోకి రానివ్వనంటే గుమ్మం అవతల పడుకోబెడితే చాలు, ఊపిరి వినిపిస్తుంది. కింద కూర్చోలేకపోతే పీట మీదో, పొట్టి కుర్చీలోనో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకోవచ్చు. అదే దగ్గరికి వస్తుంది. వాకింగ్‌కి మనిషిని కుదర్చండి. దీపావళికి ఇంకా టైముంది కానీ ఆ రెండు రాత్రులూ లోపలి గదిలో ఫ్యానూ టీవీ పెట్టి ఉంచాలని ఇప్పుడే అనుకోండి.

టీకాల మాట మీరు ఎత్తనే లేదు. 8 వారాలు నిండుతున్నాయి, ఇప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నులిపురుగుల మందూ అడగాలి. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్, మూడు నెలలకి రేబిస్ టీకా. 16 వారాల దాకా వీధిలో నేల మీద వదలకూడదు, పార్వో అనే వైరస్ జబ్బు వస్తే బతకడం కష్టం. ఎత్తుకుని వీధి గుమ్మంలో కూర్చోబెట్టి ఆటోలూ మనుషులూ చూపించొచ్చు. ఆసుపత్రికి పనమ్మాయి కూతురికి స్కూలు లేని రోజు చూసి, వాళ్లమ్మని అడిగి, తోడు తీసుకెళ్లమనండి. ఆ పిల్ల చేతిలో అయితే అది బెదరదు. రోజూ సాయంత్రం గంటసేపు కూర్చుంటున్నందుకు నెలనెలా ఆ అమ్మాయికి ఇంత అని ఇవ్వండి, పనమ్మాయి జీతంలో కలపకుండా విడిగా. ఎంత ఇవ్వాలో మీ అమ్మగారిని అడగండి.