ఎక్సెల్‌లో ఇఫ్ ఫార్ములాలు (ఫలానాదైతే ఇది, లేకపోతే అది అని తేల్చేవి), వాట్-ఇఫ్ అనాలిసిస్ (ఒక అంకె మారితే ఫలితం ఎలా మారుతుందో చూపేది) ఉద్యోగానికి తప్ప ఇంకెందుకైనా పనికొస్తాయా?

పనికొస్తాయి. మేం ఏ ఫ్లాట్ కొనాలో తేల్చింది అవే.

2021 డిసెంబర్‌లో మియాపూర్‌లో ఒక ఫ్లాట్ బాగా నచ్చింది. 40 లక్షల లోన్, 20 ఏళ్లు, 6.75 శాతం ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మధ్యలో పెరగొచ్చు, తగ్గొచ్చు. నెల కిస్తీ లెక్కగట్టే పీఎంటీ ఫార్ములా వేస్తే ఈఎంఐ 30,415 వచ్చింది. ఆ మాత్రం కట్టగలం అనుకున్నాం. రేపు అడ్వాన్స్ ఇస్తామనగా రాత్రి మా ఆవిడ అడిగింది, "వడ్డీ పెరిగితే ఏంటండీ మన పరిస్థితి?" అని.

అన్నం తిన్న టేబుల్ మీదే లాప్‌టాప్ తెరిచాను. 6.75 నుంచి 9.25 దాకా అరశాతం చొప్పున ఒక కాలమ్‌లో రాసి, డేటా ట్యాబ్‌లో వాట్-ఇఫ్ కింద ఉండే డేటా టేబుల్ పెట్టాను. ఒక్కో వడ్డీకి ఈఎంఐ ఎంతో అదే లెక్కేసి పెడుతుంది. ఆఖరి గడిలో ఈఎంఐ 36,635 అయింది. "బ్యాంకాయన ఈఎంఐ పెరగదు, నెలలే పెరుగుతాయన్నాడు కదా" అంది. సరేనని, అదే ఈఎంఐ కడితే అప్పు ఎన్ని నెలల్లో తీరుతుందో చెప్పే ఎన్‌పర్ ఫార్ములాతో ఇంకో కాలమ్ వేశాను. 8.25 దగ్గర 342 నెలలు. 8.75 దగ్గర 440 నెలలు, అంటే 36 ఏళ్లు దాటిపోయింది. 9.25 దగ్గర అంకె రాలేదు, ఎర్రర్ వచ్చింది.

మైనస్ గుర్తు ఎక్కడో తప్పిందనుకుని అరగంట వెతికాను. ఫార్ములాలో తప్పేం లేదు. 40 లక్షల మీద 9.25 శాతం చొప్పున నెల వడ్డీయే 30,833. మా ఈఎంఐ ఆ వడ్డీకే చాలదు, ఇక అప్పు తీరేదెప్పుడు? ఆ ఎర్రర్ చెప్పింది అదే. అప్పుడు ఇఫ్ పెట్టాను: నెల వడ్డీ ఈఎంఐకి సమానమైనా, మించినా "అప్పు తీరదు" అని రావాలి, లేకపోతే నెలల లెక్క రావాలి.

ఆఫీసుల్లో ఎర్రర్ కనబడగానే, దాని బదులు మనం చెప్పింది చూపే ఇఫ్ఎర్రర్ ఫార్ములా వేసి సున్నా పెట్టేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ రాత్రి నేనూ అదే చేసుంటే ఆ గడిలో సున్నా నెలలని కనబడేది.

తర్వాత గోల్ సీక్‌లో (కావాల్సిన జవాబు ఇస్తే, దానికి ఏ అంకె వేయాలో వెనక్కి వెతికి చెప్పేది, ఇదీ వాట్-ఇఫ్ కిందే ఉంటుంది) 9.25 శాతానికి ఈఎంఐ 30,000 దాటకుండా ఎంత అప్పు చేయొచ్చో అడిగాను. 32 లక్షల 75 వేల చిల్లర వచ్చింది. మియాపూర్ వదిలేసి, ఆ లెక్కకు సరిపోయేలా బీరంగూడలో కొన్నాం.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ, ఇది పెరిగితే మన ఫ్లోటింగ్ వడ్డీ కూడా పెరుగుతుంది) 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. సరిగ్గా రెండున్నర శాతం, మా టేబుల్‌లో ఆఖరి వరస! నాతో పనిచేసే ఒకాయనకు బ్యాంకువాళ్లు అడగకుండానే లోన్ నెలలు పెంచేశారు, చాలా రోజులు ఆయనకు తెలియనే లేదు. ఇలాంటప్పుడు ఈఎంఐ పెంచాలా, నెలలు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లనే అడగాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో బ్యాంకులకు చెప్పాల్సి వచ్చింది.

అమీర్‌పేటలో కోర్సు చేసిన పిల్లల్ని అడిగి చూడండి. ఇఫ్ అంటే "35 దాటితే పాస్, లేకపోతే ఫెయిల్" దగ్గరే ఆగిపోతారు. గోల్ సీక్ పేరు కూడా విననివాళ్లే ఎక్కువ. ఫీజు కట్టేముందు వడ్డీ, అసలు, నెలలు మూడు వేర్వేరు గళ్లలో రాసి మీరే మొదలుపెట్టండి. వడ్డీని ఫార్ములా లోపల టైప్ చేస్తే మాత్రం డేటా టేబుల్ పనిచేయదు, దానికి మార్చడానికి ఒక గడి కావాలి.