కోలాటం కర్ర ఊపితే కాదు, తగిలితేనే వెలగాలంటే

కావలి నుంచి రాసిన మిత్రమా, తిరునాళ్ల కోలాటం కోసం మీరు చేస్తున్న కర్రలు ఒకదానికొకటి తగిలినప్పుడే కాక, గాలిలో ఊపినా వెలుగుతున్నాయన్నారు. లోపం దీపాన్ని నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినోలో లేదు. కదలికను కొలిచే ఎంపీయూ6050 సెన్సార్ మనం మార్చకపోతే ±2జి (జి అంటే భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం) పరిధిలోనే పనిచేస్తుంది. చేయి విసురుగా తిప్పినా ఆ హద్దు దాటిపోతుంది, ఇక ఊపుకూ దెబ్బకూ తేడా దానికి తెలియదు. ముందు పరిధిని ±16జికి మార్చండి. అప్పుడు సెన్సార్ రీడింగు ఒక జికి 16384 బదులు 2048 వస్తుంది కనుక ప్రోగ్రాంలోని పాత హద్దు విలువనూ తగ్గించాలి.

అసలు కిటుకు వేరే ఉంది. రీడింగు ఎంతన్నది కాదు, ముందటి రీడింగుకూ దీనికీ మధ్య తేడా ఎంతో చూడండి. ఊపు నెమ్మదిగా పెరుగుతుంది. దెబ్బ కొన్ని మిల్లీసెకన్లలోనే ఎగసి పడిపోతుంది. అందుకే దీపం ఆర్పడానికి, ప్రోగ్రాంను కాసేపు ఆపి ఉంచే ‘డిలే’ ఆదేశం వాడకండి, ఆ విరామంలో పడిన దెబ్బ తప్పిపోతుంది. గడిచిన మిల్లీసెకన్లు చెప్పే ‘మిల్లిస్’తో సమయం లెక్కించండి. దెబ్బ తర్వాత కర్ర కాసేపు అదురుతుంది కాబట్టి ఒక 100 మిల్లీసెకన్ల పాటు కొత్త దెబ్బను లెక్కలోకి తీసుకోవద్దు.

మీ ఫొటోలో సెన్సార్ కింద స్పాంజి టేపు కనిపిస్తోంది. దెబ్బను అదే మింగేస్తోంది! తీసేసి, బోర్డును నేరుగా కర్రకే బిగించండి.