నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషిన్‌లో వేప్ పడేయొచ్చా?

దుబాయ్ నుంచి వచ్చిన బావమరిది వేప్ (అదే, బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్) జిగురెక్కిపోయింది, నగలు కడిగే మెషిన్‌లో పడేస్తే పోద్దా అని అడిగారు కదండీ, పోద్ది గానీ మొత్తం పడేయకూడదు. బ్యాటరీ ఉన్న భాగానికి నీళ్ళే తగలకూడదు, నికోటిన్ రసాన్ని వేడిచేసే కాయిల్‌లో దూది ఉంటది కాబట్టి అదీ తీసి పక్కన పెట్టేయాలి. రసం పోసే ట్యాంకు గ్లాసు, స్టీలు ముక్కలు, నోట్లో పెట్టుకునే ముక్క, ఇవే వెయ్యండి. రబ్బరు రింగులు చేత్తో కడుక్కుంటే చాలు. గ్లోవ్స్ మాత్రం వేసుకోండి, నికోటిన్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతది.

ఈ మెషిన్లు ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 40 వేలసార్లు, నీళ్ళని అదిరిస్తాయి, దాంతో కంటికి కనపడని బుడగలు పుట్టి పగులుతూ ఉంటాయి, ఆ దెబ్బకే మర సందుల్లో ముదురు పాకంలా పట్టేసిన జిడ్డు ఊడొస్తది. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు రెండు చుక్కలు, 5 నిమిషాలు. స్పిరిట్ పొయ్యొద్దు, అంటుకుంటది. అమలాపురంలో కంసాలి కొట్లో చూశాను, ఉంగరం వెయ్యగానే పొగలా మురికి దిగిపోద్ది, ముత్యం పగడం ఉన్నవి మాత్రం ఆయన అస్సలు వెయ్యడు.

తర్వాత మంచినీళ్ళతో కడిగి రాత్రంతా ఫ్యాను కింద పెట్టండి, మన కోనసీమ వానాకాలం తేమకి గంటలో ఎక్కడారద్ది! అన్నట్టు ఈ-సిగరెట్ల అమ్మకం, దిగుమతి మన దేశంలో 2019 నుంచి నిషేధం, ఆ సంగతి బావమరిదికి చెప్పండి.