సొంత ల్యాప్‌టాప్‌లో తయారు చేసుకున్న యాప్ మీద కంపెనీకి హక్కు ఉంటుందా?

ఉద్యోగంలో ఉంటూనే సెలవు రోజుల్లో, సొంత ల్యాప్‌టాప్‌లో తయారు చేసుకున్న యాప్ కంపెనీకి చెందుతుందా అని మీరు అడిగారు. ల్యాప్‌టాప్ ఎవరిది, పని ఏ వేళలో జరిగింది అన్నవాటికి అందరూ అంత ప్రాధాన్యం ఎందుకు ఇస్తారో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. మిమ్మల్ని ఏ పనికి జీతమిచ్చి పెట్టుకున్నారు, చేరేటప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు అన్నవే నా దృష్టిలో అసలు ప్రశ్నలు.

బ్రిటన్‌లో యూనిలీవర్ సంస్థలో పరిశోధకుడిగా పనిచేసిన ఇయాన్ షాంక్స్ 1982లో, గ్లూకోజ్‌ను కొలిచే పరికరానికి తొలి నమూనాను తన ఇంట్లోనే తయారు చేశారు. అందుకు ఆయన వాడినవి కూతురి బొమ్మ మైక్రోస్కోపులోని స్లైడ్లు, కొంత ప్లాస్టిక్ ఫిల్మ్, వాటిని బిగించి పట్టడానికి కాగితాల క్లిప్పులు. ఇల్లు ఆయనది, సామాను ఆయన కూతురిది, అయినా హక్కు మాత్రం సంస్థదే అయింది, ఎందుకంటే అటువంటి పరిశోధన చేయడమే ఆయన ఉద్యోగం. అయితే అక్కడి 1977 పేటెంట్ చట్టం, ఒక ఆవిష్కరణ వల్ల యజమానికి అసాధారణ లాభం కలిగితే అందులో న్యాయమైన వాటా కోరే అవకాశాన్ని ఉద్యోగికి ఇచ్చింది. షాంక్స్ 2006లో దరఖాస్తు పెట్టుకుంటే, 2019లో సుప్రీంకోర్టు ఆయనకు 20 లక్షల పౌండ్లు ఇప్పించింది. సంస్థ పొందిన లాభం దాదాపు 2.4 కోట్ల పౌండ్లు. పదమూడేళ్లు కోర్టుల చుట్టూ తిరగగల ఓపిక ఎంతమందికి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మన దేశంలో ఆ మాత్రం దారి కూడా లేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే తొలి హక్కుదారు, కోడ్ కూడా ఇందులోకే వస్తుంది. 1970 పేటెంట్ చట్టమైతే ఉద్యోగుల ఆవిష్కరణల గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పదు కనుక, నియామక పత్రంలో ఏది రాసి ఉంటే అదే శాసనం. మన కాపీరైట్ చట్టం వచ్చిన ఆ 1957లోనే జర్మనీ ఉద్యోగుల ఆవిష్కరణల కోసం ఒక చట్టం చేసి, ఆవిష్కరణను యజమాని తీసుకుంటే ఉద్యోగికి తగిన ప్రతిఫలం చెల్లించి తీరాలని శాసించింది. ఇక్కడ కంపెనీలు ఒక జ్ఞాపికను చేతిలో పెట్టి ఫొటో తీసుకుంటే సరిపోతుందని అనుకుంటాయి.

ఇక కాగితం సంగతి. నేను ఒక ఉద్యోగంలో చేరిన రోజున బ్యాంకు ఖాతా, బీమా ఫారాల మధ్యలో హక్కుల బదిలీ ఒప్పందాన్ని కూడా పెట్టి, సంతకం చేయవలసిన ప్రతి చోటా ఒక పసుపు స్టిక్కర్ అంటించి ఇచ్చారు. చివరి పేజీలో ‘ఈ ఉద్యోగానికి ముందే నేను సృష్టించినవి’ అన్న శీర్షిక కింద ఖాళీ గడులు, వాటి కింద ‘ఏవీ లేవు’ అన్న ఒక చిన్న పెట్టె ఉన్నాయి. నాతోపాటు చేరినవారందరూ ఆ పెట్టెలో టిక్కు పెట్టి ముందుకు సాగిపోయారు. నేను మాత్రం, స్కాన్ చేసిన కాగితాల్లోని అక్షరదోషాలను పట్టుకునేందుకు అంతకుముందే రాసుకున్న ప్రోగ్రామ్ పేరు, వెర్షన్ సంఖ్య, తేదీ, అది చేసే పని వివరంగా రాశాను. “ఇందులో ఎవరూ ఏమీ రాయరండీ, లేవని టిక్కు పెట్టేయండి” అని హెచ్ఆర్ ఉద్యోగిని నచ్చజెప్పబోయారు. నేను ఒప్పుకోకపోవడంతో ఆవిడ లీగల్ విభాగానికి ఫోన్ చేశారు. అవతలి వ్యక్తి అడిగిన మొదటి ప్రశ్న, “ఇంతకీ అది పనిచేస్తుందా?” అని. చివరికి పేజీ మీద వారి సంతకం, ముద్ర వేయించుకుని, జిరాక్స్ తీసుకుని గానీ నేను కుర్చీలోంచి లేవలేదు.

కొన్నేళ్ల తరువాత మా విభాగం అదే రంగంలో ఒక ఉత్పత్తి మొదలుపెట్టి, నా ప్రోగ్రామ్‌ను అందులో కలిపేయడానికి సిద్ధమైంది. నేను ఆ జిరాక్స్‌ను మెయిల్‌లో పంపితే లీగల్ వారు వెనక్కి తగ్గారు, కానీ చేరిన తరువాత నేను దానికి చేర్చిన భాగాలు కంపెనీ వ్యాపారానికి సంబంధించినవే కనుక అవి తమవని వాదించి తీసుకున్నారు. వాటిని నేను ఇంట్లో, ఆదివారాల్లో రాశానన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఎక్కడ గీత గీయాలో తేల్చింది వెర్షన్ సంఖ్య ఒక్కటే.

ఉద్యోగులకు ఎంతో అనుకూలమని చెప్పుకునే కాలిఫోర్నియా కార్మిక చట్టం 2870వ సెక్షన్ కూడా, సొంత సమయంలో, సొంత పరికరాలతో చేసినదాన్ని ఒప్పందం ద్వారా లాక్కోకుండా అడ్డుకుంటుంది గానీ, అది యజమాని వ్యాపారానికి సంబంధించినదైతే ఆ రక్షణ ఇవ్వదు. కాబట్టి మీ యాప్ మీ కంపెనీ చేసే పనికి దగ్గరగా ఉందా లేదా అన్నది ముందు చూసుకోండి. తరువాత నియామక పత్రం తీసి, ‘ఉద్యోగ కాలంలో సృష్టించిన సమస్తం’ వంటి మాటలు ఉన్నాయేమో వెతకండి. ఉంటే, యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టకముందే, అది ఏం చేస్తుందో నాలుగు వాక్యాల్లో రాసి, దాని మీద తమకు హక్కు లేదని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. మేనేజరు నోటిమాటగా ఒప్పుకున్నా, ఆయన మరో కంపెనీకి వెళ్లిపోయాక ఆ మాటకు సాక్ష్యం చెప్పేవారు ఉండరు.