వీడియో కాల్‌లో ఫోటోలు తీయబోతున్న అమ్మడికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. శని, ఆదివారాల్లో హైదరాబాదులో కూర్చుని, వీడియో కాల్‌లోనే ఫోటోలు తీస్తావట. పిల్లలు కువైట్‌లోనో డాలస్‌లోనో ఉంటారు, వాళ్ళ అమ్మానాన్నలు మన కోనసీమ పల్లెల్లో ఉంటారు, ఆ పెద్దవాళ్ళని నువ్వు ఫోటో తీసి పిల్లలకి పంపుతావన్నమాట. విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మనింట్లో స్టూడియో పని నాతోనే ఆగిపోయిందనుకున్నాను, ఆగనందుకు సంతోషం. మనిషి ఎదురుగా లేకుండా ఈ పిల్ల ఎలా తీస్తుందా అని బెంగ. పొద్దున్నే లేచి రాస్తున్నాను.

ఫోన్ లెన్స్ పైట చెంగుతో తుడవమను. ట్యూబ్‌లైట్ ఆర్పించి కిటికీ దగ్గర కూర్చోబెట్టు. ఫోన్ కళ్ళ ఎత్తులో, బియ్యం డబ్బాకి ఆనించి ఉండాలి. మరీ దగ్గరైతే ముక్కు లావుగా పడుతుంది, నాలుగైదడుగుల దూరం ఉంచు. ఇవన్నీ నీకు తెలుసు.

స్క్రీన్‌షాట్ సంగతి మాత్రం కాస్త ఆలోచించు. సిగ్నల్ బాగున్న కాల్‌లో 1280కి 720 పిక్సెళ్ళు వచ్చాయనుకుందాం. అంగుళానికి 300 లెక్కన ప్రింట్ వేస్తే పొడుగు నాలుగంగుళాల పైచిలుకు, వెడల్పు రెండున్నర కూడా రాదు. ఆ కొడుకేమో గోడకి 12కి 18 ఫ్రేమ్ అడుగుతాడు. కాబట్టి కాల్‌ని చూడ్డానికి, మాట్లాడ్డానికి వాడుకో. ఫోటో మాత్రం అక్కడి ఫోన్ వెనక కెమెరాతోనే పడాలి. అవతలి కెమెరాని ఇక్కణ్ణుంచి నొక్కే యాప్‌లు 2020 లాక్‌డౌన్ అప్పుడే వచ్చాయి. అవి కుదరకపోతే ఇంట్లో ఉన్న రెండో ఫోన్ తీసుకుని మనవడి చేత నొక్కించు, వాట్సాప్‌లో మామూలు ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపించమను. ఇంకోటి, కాల్‌లో నీకు కనిపించే నవ్వు అక్కడ అప్పటికే అయిపోయి ఉంటుంది. నవ్వు మొదలవుతోందని తెలియగానే నొక్కమనాలి.

"కొంచెం వెనక్కి జరగండి" అని మాత్రం ఎవరితోనూ అనకు తల్లీ. మనిషి ఎక్కడ ఉన్నారో అక్కడే ఉండనీ, ఫోన్‌నే వెనక్కి జరిపించు. మీ నాయనమ్మ వడియాలు ఎండబెడుతూ ఒక్కడుగు వెనక్కి వేసి అరుగు మీంచి పడింది. తుంటి విరిగాక మళ్ళీ లేచి నడవలేదు. నీకప్పుడు రెండేళ్ళు. నీ కాల్‌లో నీకు మొహం కనపడుతుంది గానీ అవతలివాళ్ళ మడమల వెనక ఏముందో కనపడదు. నవ్వడం మర్చిపోయినా పరవాలేదు, ఇది మాత్రం మర్చిపోకు.

ఇప్పుడు ఇంతవరకూ మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పని సంగతి చెబుతాను.

1982. రాజోలులో స్టూడియో పెట్టి నాలుగేళ్ళయింది. ఒకావిడ వచ్చింది, అరవై ఉంటాయి. కొడుకు కువైట్ నుంచి ఉత్తరం రాశాడట, "అమ్మా, నీ ఫోటో పంపు" అని. మొహం నిండా అమ్మవారు పోసిన మచ్చలు. కుర్చీలో హాయిగానే కూర్చుంది, కెమెరా వైపు సూటిగా చూసింది. ఆవిడేమీ అడగలేదు. నేనే పెద్ద మంచి చేస్తున్నట్టు, "మచ్చలు కనపడకుండా చేసిస్తానమ్మా" అన్నాను. అప్పటిదాకా భుజం మీదున్న చెంగుని బుగ్గ మీదికి లాక్కుంది. అది నేను చూశాను. చూసి కూడా "చెంగు తియ్యండమ్మా" అని నొక్కేశాను.

ఆ రాత్రి నెగెటివ్‌ని, అంటే ప్రింట్ వేసే ఫిల్మ్‌ని, టచింగ్ డెస్క్ అనే వెలుతురు బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఒక్కో గుంటనీ చుక్కచుక్కగా పూడ్చాను. రెండు గంటలు పట్టింది. ప్రింట్ చూసుకుని గర్వపడ్డాను. ఆవిడ కూడా మురిసిపోయి, డబ్బులతో పాటు రెండు కొబ్బరికాయలు బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ఆరేళ్ళ తర్వాత కొడుకు వచ్చాడు. తల్లి పోయి పన్నెండు రోజులు, గుండు మీద అప్పుడే మొలుస్తున్న జుట్టు. జేబులోంచి ఆ ఫోటో తీశాడు, అంచులు నలిగిపోయి ఉన్నాయి. "అక్కడ గదిలో పెట్టుకున్నానండీ. చూసినప్పుడల్లా ఎవరో పెద్దింటి ఆవిడలా ఉండేది. చిన్నప్పుడు అమ్మ బుగ్గ మీద గుంటలు వేలితో లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేవాణ్ణి. ఆ మచ్చలున్న ఫోటో ఒకటి వేసివ్వండి" అన్నాడు. మాట్లాడుతూనే ఫోటోలో బుగ్గ మీద వేలితో వెతుకుతున్నాడు.

పెన్సిల్ గీతని నెగెటివ్ మీంచి తుడిచేయొచ్చు, అమ్మడూ. నెగెటివ్ ఉంటే ఆ సాయంత్రమే వాళ్ళమ్మని అతనికి ఇచ్చేసేవాణ్ణి. కానీ చోటు చాలక, అంతకు ముందు వేసవిలోనే పాత నెగెటివ్‌లన్నీ ఫిల్మ్‌లోంచి వెండి తీసేవాళ్ళకి కిలోల లెక్కన అమ్మేశాను. ఆ మాట చెబితే అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఫోటో జేబులో పెట్టుకుని, "ఉంటానండీ" అని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో.

ఇప్పుడు పెన్సిల్ కూడా అక్కర్లేదు. బ్యూటీ మోడ్ అడక్కుండానే మొహాలు నున్నగా చేసేస్తుంది, సిగ్నల్ తగ్గితే కాల్ కూడా ముడతలన్నీ అలికేస్తుంది. కూర్చోబెట్టగానే మొదట ఆ మోడ్ తీయించు. డబ్బులిచ్చే పిల్లలు "అమ్మని కొంచెం ఫ్రెష్‌గా చూపించండి" అంటారు. చేసివ్వు, వద్దనను. అయితే ముట్టుకోని అసలు ఫోటో రెండు చోట్ల దాచు. వాళ్ళు అడిగినా అడక్కపోయినా దాచు.

నొక్కే ముందు ప్రతిసారీ "తీస్తున్నానమ్మా" అని చెప్పు. చెప్పకుండా స్క్రీన్‌షాట్ తీశావని తెలిస్తే మాత్రం నేను ఊరుకోను. ఆడవాళ్ళ ఫోటో ఎవరి చేతికి వెళుతుందో వాళ్ళకి ముందే తెలియాలి. ఒక్కోసారి "నా ఫోటో ఎందుకమ్మా, దండ వెయ్యడానికా?" అని నవ్వుతారు. వెంటనే "అయ్యో, అలా అనకండి" అని మాట తప్పించకు. కాసేపు ఊరుకో. ఆ తర్వాత వాళ్ళే ఏదో చెప్పడం మొదలుపెడతారు. నా స్టూడియోలో మంచి ఫోటోలు చాలావరకు అప్పుడు తీసినవే. నేనైతే గడ్డం కింద వేలు పెట్టి మొహం తిప్పేవాణ్ణి. నీకు అది కుదరదు కాబట్టి మాట నెమ్మదిగా రానీ. పనిలో చూపించే టెన్షన్ అక్కడ చూపించకు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మా ఇంటికి కాల్ చెయ్యి. ఆ వేళకి తూర్పు కిటికీలో వెలుతురు బాగుంటుంది, మీ పెద్దమ్మ అక్కడే కూర్చుంటుంది, నేను రెండో ఫోన్ పట్టుకుంటాను. అరగంట ముందు ఒక మిస్‌డ్ కాల్ ఇవ్వు. ఆవిడ చీర మార్చుకోవాలి.

మీ పెదనాన్న