మా అమ్మ ఆనందం 218 నంబర్ బస్సులో ఉంది

ఆనందం అంటే ఏమిటి, మనుషులు దాన్ని ఎక్కడ వెతుక్కుంటారు అని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే. మన కోసం ఎదురుచూసే మనిషి దగ్గరికి, ఎవరినీ అడగకుండా వెళ్లి రాగలగడమే ఆనందం. మా అమ్మను చూశాక నాకు ఇందులో అనుమానం లేదు.

నాన్న పోయాక అమ్మను సుల్తాన్ బజార్ అద్దె ఇంటి నుంచి మియాపూర్‌లో మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాను. తొమ్మిదో అంతస్తు, మంచి గాలి, లిఫ్టు, కింద పార్కు. ఇంకేం కావాలి అనుకున్నా. అమ్మ మాత్రం బాల్కనీలో కూర్చుని రోడ్డు చూసేది. పాత ఇంటి పక్కావిడ ఆమెకు ముప్పై ఏళ్లుగా స్నేహితురాలు. ఆవిడ దగ్గరికి వెళ్లడానికి క్యాబ్ బుక్ చేస్తానంటే, "ఇప్పుడెందుకు తియ్ బిడ్డా, గన్ని పైసలు" అనేది. నిజంగానే వద్దంటోందని రెండేళ్లు నమ్మాను. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. కొన్ని రోజులకు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం. అమ్మ ఫోన్ ఎత్తదు. టెన్షన్‌తో కిందికి పరిగెత్తితే, పొద్దున్నే చేతిసంచి పట్టుకుని వెళ్లిందని వాచ్‌మన్ చెప్పాడు. ఏడింటికి వచ్చింది. చీర నలిగిపోయి, ముఖమంతా చెమట. గుప్పిట్లో మడిచిన జీరో టికెట్.

"218 ఎక్కిన, కోఠిల దిగిన. కండక్టరమ్మ ఆధార్ చూసి టికెట్ ఇచ్చింది. అమీర్‌పేట దాకా నిలబడే పోయిన. నా దోస్తు సర్వపిండి చేసి పెట్టింది" అని ఊపిరి తీసుకోకుండా చెప్పింది. గృహప్రవేశం రోజు కూడా ఆమె ముఖంలో అంత వెలుగు చూడలేదు.

ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారని కొందరు సణుగుతారు. మగవాళ్లు టీ కొట్ల దగ్గర గంటలు గంటలు నిలబడితే ఎవరైనా లెక్క అడిగారా? సణగాలంటే బస్సులు చాలడం లేదని సణగండి. స్టాపుల్లో నీడ లేదని అడగండి. పెద్దవాళ్ల సీట్లలో కూర్చుని ఫోన్ చూసుకునే కుర్రాళ్లను లేపండి.

2018 నుంచి ప్రపంచ సంతోష నివేదికలో ఫిన్లాండ్ ముందుంటోంది. సున్నా నుంచి పది దాకా ఉన్న నిచ్చెనలో మీ బతుకు ఏ మెట్టు మీద ఉందని ఆ నివేదిక కోసం దేశదేశాల జనాన్ని అడుగుతారు. దేశాల మధ్య తేడాలకు కారణాలు వెతికేటప్పుడు ఆదాయం ఒక్కటే చూడరు. కష్టంలో ఆదుకునేవాళ్లు ఉన్నారా, మీ బతుకు మీ ఇష్టప్రకారం నడుపుకోగలరా అనీ చూస్తారు. నేను ఫ్లాటు ఇచ్చాను కానీ ఆ రెండూ అమ్మకు అందకుండా చేశాను.

ఇప్పుడు గురువారం వచ్చిందంటే అమ్మ ఎనిమిదింటికే వంట ముగించేస్తుంది. ఆధార్ కార్డు కవర్ అంచులు చిరిగాయట, కొత్తది తెమ్మని నిన్న చెప్పింది.